లంగరు డ్యూటీ

మల్లిపర్రు పురపాలక సంఘం ఆఫీసు ముందు ముంగిలంతా ఎర్రవీ బూడిదరంగువీ సిమెంటు పలకలు పరిచారు. వాటికి గుత్తేదారు ఐదేళ్ళ గ్యారంటీ రాసిచ్చాడు. గ్యారంటీకి ఒక్కటే షరతు. ఐదేళ్ళూ ఆ పలకల్లో ఎవరూ చిల్లు పెట్టకూడదు. చిన్న మేకు దిగినా గ్యారంటీ చెల్లదు.

ఆ ముంగిట్లోనే మూడు శిలాఫలకాలున్నాయి. గేటు పక్కనున్నది శంకుస్థాపనది. ఆఫీసు మెట్ల దగ్గరున్నది ప్రారంభోత్సవానిది. ప్రారంభోత్సవమైన నాలుగు నెలలకు ఎన్నికలొచ్చి పెద్దలు మారారు కనక పునఃప్రారంభోత్సవం కూడా జరిగింది. దాని ఫలకం బోరింగు దగ్గరుంది. మూడూ నిలువెత్తు నల్లరాళ్ళు, మూడింటికీ కాంక్రీటు దిమ్మెలు. పలకలు మాత్రం ఒక్కసారే పరిచారు.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు సువర్చల ఆటో దిగింది. ఆటో పైన మూడు ఇనప గొట్టాలు, సీట్లో ఆవిడ పక్కన వైర్‌లెస్ సెట్టు, ఒళ్ళో సంచీ. సంచీలో మూడు నైలాను తాళ్ళు, మూడు ఇనప మేకులు, ఒక సుత్తి. తాడు ముప్పై అడుగులు చాలిన చోట అరవై కొనడం ఆవిడ అలవాటు. చాలకపోయిన తాడు మధ్యలో పెరగదని ఆవిడ వాదన.

సువర్చల డిగ్రీలో ఫిజిక్సు చదువుతూ, సొంతంగా వైర్‌లెస్ నడుపుకోవడానికిచ్చే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. పెళ్ళై పాతికేళ్ళైనా రుసుము కట్టి దాన్ని కాపాడుకుంటూనే ఉంది. తుఫాను వచ్చినప్పుడల్లా ఆఫీసువాళ్ళు కబురు పంపుతారు. ఈసారి వచ్చిన ఉత్తరం మీద 'శ్రీమతి సువర్చల, గృహిణి (వైర్‌లెస్)' అని రాశారు.

తుఫాను సాయంత్రం ఏడింటికి తీరం దాటుతుందని వార్త. నదికి అవతల, పధ్నాలుగు కిలోమీటర్ల దూరాన, రెల్లులంక ఉంది. నిన్నటినుంచి పడవలు ఆపేశారు. మూడొందల పదిమంది బడి మేడలో చేరారు. వాళ్ళతోపాటు నర్సు మేరీరత్నం ఉంది, ఆవిడ చేతిలో సువర్చల ఇచ్చిన చిన్న వైర్‌లెస్ సెట్టు ఉంది. దుర్గ అనే పిల్లకి తొలి కాన్పు, నెలలు నిండాయి. ఫోను టవరు పడిపోతే ఆ సెట్టే దిక్కు. దాని మాట నది దాటి ఇక్కడికి వినపడాలంటే ఇక్కడ ఏరియల్ ముప్పై అడుగుల ఎత్తున నిలబడాలి. గొట్టాలు కలిపి స్తంభం చేసి, నేలలో మేకులు కొట్టి, మూడు వైపులా తాళ్ళతో బిగించాలి. సువర్చలకు ఆ రోజు అంతకుమించి పని లేదు.

ముంగిట్లో మొదటి మేకు ఆనించి సుత్తి ఎత్తిందో లేదో, వాచ్‌మన్ ఈల ఊదాడు. ఏఈ విశ్వంభరం పరుగున వచ్చాడు. వెనక కమిషనర్ కృపానిధి నడిచి వచ్చాడు. ఆయన ఎప్పుడూ పరుగెత్తడు.

"మేడమ్, గునపం దించుతున్నారా?" అన్నాడు విశ్వంభరం.

"గునపం కాదండీ, జానెడు మేకు."

"పలక దృష్టిలో రెండూ ఒకటేనండీ. గ్యారంటీ పోతుంది."

"పోనీ మేడ మీద పెట్టుకోనా?"

"మేడ శిథిలావస్థలో ఉందని నిరుడు నివేదిక వచ్చింది," అన్నాడు కమిషనర్. "పైకి ఎవరూ ఎక్కరాదు."

"మరి దాని కింద మీరంతా కూర్చుంటున్నారు కదండీ!"

"కింద కూర్చోరాదని నివేదికలో లేదు."

"అయితే మా ఇంటి డాబా మీద పెట్టుకుంటాను. అక్కడినుంచే మాట్లాడతాను."

కమిషనర్ కళ్ళజోడు తీసి తుడిచాడు. "కంట్రోల్ రూము ఇక్కడ ఉండగా స్తంభం మీ ఇంట్లో ఉంటే, కంట్రోలు మీ ఇంట్లో ఉన్నట్టవుతుందమ్మా. అది మంచి సంప్రదాయం కాదు. స్తంభం ఇక్కడే నిలవాలి. పలకకు గాయం కాకూడదు. ఈ రెండు లక్ష్యాలనూ సమన్వయపరచండి."

సువర్చల సమన్వయపరిచింది. మేకుల బదులు బరువులు చాలు. మూడు తాళ్ళకీ మూడు వైపులా నూట ఇరవయ్యేసి కిలోల బరువు పెడితే స్తంభం కదలదు. వీధిలో షామియానా వేసేవాళ్ళు రోజూ చేసే పనే అది.

"తొమ్మిది ఇసుక బస్తాలు ఇప్పించండి," అంది.

ఇసుక అనగానే విశ్వంభరం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫర్లాంగు దూరంలో ఏటి గట్టు కింద కావలసినంత ఇసుక ఉంది. కానీ ఆఫీసు ఇసుక ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. దరఖాస్తు 'నిర్మాణం ఎత్తు ఎంత?' అని అడిగింది. ముప్పై అడుగులని కొట్టాడు. అయితే మూడంతస్తుల భవనమని దరఖాస్తు తనంతట తాను నిర్ణయించుకుని, ఆమోదం పొందిన ప్లాను, పక్కింటివారి అభ్యంతరం లేదన్న పత్రం, వాన నీటి గుంత ఫోటో జతచేయమంది. చివరికి ఎలాగో దాన్ని ఒప్పించాడు. ఇసుక మంగళవారం వస్తుందని మెసేజీ వచ్చింది.

"తుఫాను ఇవాళండీ," అంది సువర్చల.

"అదే మేడమ్, ఒక్క నాలుగు రోజులు అటూ ఇటూ అయింది."

ఇసుక లేకపోతే నీళ్ళున్నాయి. ఆఫీసు వెనక ఆరు ఖాళీ డ్రమ్ములుంటే దొర్లించుకొచ్చి, మూడు వైపులా రెండేసి నిలబెట్టి, ట్యాంకరుతో నింపించింది. పదకొండయింది. ఆకాశం అప్పటికే ముసురుకొచ్చింది. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఏరియల్ బిగించుకుందామని ఆవిడ వరండాలో కూర్చుంది.

ఇరవై నిమిషాలకు వచ్చి చూస్తే ఆరు డ్రమ్ములూ బోర్లా పడున్నాయి. ముంగిలంతా నీళ్ళు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ భద్రం ఒక్కో డ్రమ్ము మీదా సుద్దముక్కతో తేదీ వేసి ఫోటో తీయిస్తున్నాడు.

"ఇదేంటండీ భద్రం గారూ!"

"ఇవాళ శుక్రవారం కదమ్మా, డ్రై డే. నిలవ నీరు ఎక్కడ కనపడినా పారబోయాలి. ఆఫీసులోనే ఆరు డ్రమ్ములు! పై నుంచి చూస్తే మా పరువేం కాను?"

"నీళ్ళలో దోమ పుట్టడానికి వారం పడుతుందండీ. తుఫాను సాయంత్రానికి వస్తుంది."

"తుఫాను వేరే విభాగం, తల్లీ. నాది దోమ."

"అంతలో వాన పడితే ఊరంతా నీళ్ళేగా! అప్పుడు ఏం బోర్లిస్తారు?"

భద్రం తరవాతి డ్రమ్ము మీద తేదీ వేశాడు. "ఆ నీళ్ళు శనివారం కిందికి వస్తాయమ్మా," అన్నాడు.

పన్నెండింటికి కమిషనర్ అత్యవసర సమావేశం పెట్టాడు. ఇసుక లేదు. నీరు లేదు. ఆఫీసులో బరువైనది ఇంకేముందని చర్చ జరిగింది. బీరువాలు జరిపితే పలకలు గీసుకుపోతాయి. పాత ఫైళ్ళు పేర్చితే తడుస్తాయి, తడిస్తే అవి ఎవరివో తేల్చాలి. అప్పుడు కమిషనర్‌కు ఆ ఆలోచన తట్టింది.

"ఇసుక లేకపోవచ్చు. కానీ మనకు సిబ్బంది ఉన్నారు," అన్నాడు గంభీరంగా.

అరగంటలో ఉత్తర్వు తయారైంది.

'విషయము: తుఫాను – వైర్‌లెస్ స్తంభము – తాత్కాలిక బరువులుగా సిబ్బంది నియామకము – ఉత్తర్వులు జారీచేయుట గురించి. ప్రాంగణ పలకల సమగ్రతకు భంగము వాటిల్లకుండ, ఈ క్రింద పేర్కొనబడిన ఆరుగురు ఉద్యోగులు తమ తమ శరీర భారముతో స్తంభమును నిలుపవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది. లంగరు విధులలోనున్నవారు పూర్తి భోజనము చేసి హాజరు కావలెను. విధి నిర్వహణ కాలమందు బరువు తగ్గిన యెడల క్రమశిక్షణ చర్యలు తీసుకొనబడును.'

ఉత్తర్వు చదివి సువర్చల నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయింది. తేల్చుకునేలోగా తూకం మొదలైంది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక కాటా పొడి చెత్త కొనేందుకు తెప్పించినది. దాని మీద ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. రసీదు దానంతట అదే బయటికొస్తోంది. సీనియర్ అసిస్టెంటు తన రసీదు చూసుకుని మొహం మాడ్చుకున్నాడు. 'పొడి చెత్త – 71.200 కిలోలు' అని ఉంది.

"ఇది సర్వీసు రికార్డులో పెడతారా సార్?" అని అడిగాడు.

"పేరు మారుస్తాం. బరువు మారదు," అన్నాడు విశ్వంభరం.

నూట ఇరవై పూర్తి కావడానికి ఇద్దరేసి చొప్పున జతలు కట్టారు. నలభై ఏడు కిలోల టైపిస్టును జత చేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు బిల్లు కలెక్టర్ బుల్లబ్బాయి కాటా ఎక్కాడు. నూటపన్నెండు కిలోల ఆరొందల గ్రాములు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఆఫీసులో బుల్లబ్బాయి కుర్చీ మీద, బుల్లబ్బాయి టిఫిను మీద, బుల్లబ్బాయి ఎక్కిన ఆటో మీద జోకులు వేసినవాళ్ళంతా ఇప్పుడు ఆయన్ని తమ జట్టులోకి రమ్మని పిలుస్తున్నారు.

"ఆయ్, మెల్లిగా అడగండి, అందరికీ సరిపోతాను," అన్నాడు బుల్లబ్బాయి. ఆయన టైపిస్టు పక్కకే వెళ్ళి నిలబడ్డాడు.

మూడు వైపులా మూడు బల్లలు వేశారు. కాళ్ళ కింద పలకలు గీసుకోకుండా గోనెపట్టాలు పరిచారు. ఒక్కో బల్లకీ ఒక తాడు. ఒక్కో బల్ల మీదా ఇద్దరు. ఎవరైనా లేవాల్సొస్తే ముందుగా రాతపూర్వకంగా అడగాలి, ఇన్‌ఛార్జి బరువు వచ్చి కూర్చున్నాక లేవాలి. ఒకాయనకు తుమ్ము వచ్చింది. తుమ్మొచ్చా అని విశ్వంభరాన్ని అడిగి తుమ్మాడు.

మూడున్నరకు స్తంభం లేచింది. ముప్పై అడుగుల ఎత్తున, ముంగిలి నట్టనడుమ, కింద కొబ్బరిపీచు పట్ట మీద. కమిషనర్ చప్పట్లు కొట్టాడు. సువర్చల వరండాలో సెట్టు పెట్టుకుని మీట నొక్కింది.

"రెల్లులంక, రెల్లులంక, మల్లిపర్రు పిలుస్తోంది. మేరీ, వినపడుతోందా?"

గరగరమన్న చప్పుడు. తరవాత గొంతు, పక్కనే ఉన్నంత స్పష్టంగా. "వినపడుతుందక్కా! నీ గొంతు వినేసరికి పేణం లేచొచ్చింది. అక్కా, దుర్గకి నొప్పులు మొదలైనాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది నా చేతికి. డాక్టరమ్మగారిని పిలిపించు."

"డాక్టర్ నూర్జహాన్ గారికి కబురు పెట్టాను. ఆరింటికి ఇక్కడుంటారు. నువ్వు సెట్టు ఆపకు."

నాలుగున్నరకు ఊళ్ళో ఫోన్లన్నీ పోయాయి. కొబ్బరి మట్టలు రోడ్డు మీదకి రావడం మొదలైంది. బల్లల మీద ఆరుగురూ గొడుగులు వేసుకుని, గాలికి గొడుగులు తిరగబడితే ముడిచి, తడుస్తూ కూర్చున్నారు.

ఐదూ ఇరవైకి జిల్లా కార్యాలయం నుంచి జీపులో ఒక కాగితం వచ్చింది. గాలి నలభై కిలోమీటర్లు దాటిన వెంటనే సిబ్బంది ఎవ్వరూ ఆరుబయట ఉండరాదు. కమిషనర్ దాన్ని రెండుసార్లు చదివి, వరండాలోంచి చెయ్యెత్తాడు.

"బరువులను ఉపసంహరించండి!"

సువర్చలకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "అంటే... గాలి లేనంతసేపూ స్తంభాన్ని పట్టుకుని, గాలి వచ్చాక వదిలేస్తామా అండీ?"

"గాలి లేనంతసేపు మన బాధ్యత మనం లోపం లేకుండా నిర్వర్తించాం, అమ్మా. గాలి వచ్చాక అది ప్రకృతి వైపరీత్యం."

"అక్కడ ఒక పిల్ల నొప్పులు పడుతోందండీ!"

"మా సానుభూతి ఉంది. నమోదు చేయండి," అని గుమాస్తాతో అన్నాడు.

అంతలో బల్లల మీది వాళ్ళు లేచేశారు. వేలిముద్ర వేసి ఇంటికెళ్ళే మిషను దగ్గర అప్పుడే వరస మొదలైంది. బరువు లేని బల్లలు గోనెపట్టాల మీద జారి, తాళ్ళు వాటినుంచి ఊడిపోయాయి. స్తంభం నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగింది.

సువర్చల వరండా దూకి బోరింగు వైపు తాడు పట్టుకుంది. గేటు వైపు తాడుని అప్పటికే బుల్లబ్బాయి రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆయన బల్ల మీంచి లేచాడు కానీ తాడు వదల్లేదు. మెట్ల వైపు తాడు ఒక్కటే గాలిలో కొట్టుకుంటోంది.

"విశ్వంభరం గారూ, అది పట్టుకోండి!"

"నేనెలా మేడమ్, ఉత్తర్వు..."

"ఇది పడితే మీ పలకలు ఎన్ని పగులుతాయో లెక్క వేశారా?"

విశ్వంభరం ఒక్క ఉదుటున దూకి తాడు పట్టుకున్నాడు.

ముగ్గురు, మూడు తాళ్ళు. స్తంభం నిటారుగా వచ్చింది. కానీ ఎవరి చేయీ ఖాళీగా లేదు, ఎవరూ కదలడానికి లేదు. వాన మొహం మీద కొడుతోంది. వరండాలో సెట్టులోంచి మేరీ గొంతు, "అక్కా... అక్కా..." అని పిలుస్తోంది. జవాబు చెప్పేవాళ్ళు లేరు.

గాలి లాగినప్పుడల్లా బుల్లబ్బాయి తాడుని ఇంకాస్త వదులుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. జరిగి జరిగి ఆయన వీపు శంకుస్థాపన ఫలకానికి తగిలింది. ఆయన ఆగి, మెడ తిప్పి దాన్ని చూశాడు. తరవాత దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఇంకొకటి చేశాడు. తాడు దిమ్మె మొదట్లో బిగుసుకుంది. ఆయన చేతులు దులుపుకున్నాడు. స్తంభం కదల్లేదు.

"అమ్మగోరూ!" అని అరిచాడు. "దీని కింద నాలుగడుగుల లోతున కాంక్రీటు పోశారండీ! ఆరోజు మేస్త్రీలకి టీలు మోసింది నేనే! ఆ రెండూ అంతేనండీ! మీరూ ఎనక్కి నడవండి!"

సువర్చల తల తిప్పి చూసింది. తన వెనక పది అడుగుల్లో పునఃప్రారంభోత్సవం. విశ్వంభరం వెనక ప్రారంభోత్సవం. మూడు వైపులా మూడు. పొద్దున్నుంచీ ఆవిడ వాటిని చుట్టి తిరుగుతూనే ఉంది. అరవై అడుగుల తాడు హాయిగా సరిపోయింది.

విశ్వంభరం మాత్రం ఫలకం దగ్గర ఆగిపోయాడు.

"కట్టండి విశ్వంభరం గారూ! మొదట్లో కట్టండి, పైన అయితే జారుతుంది."

"మొదట్లో... నా పేరుందండీ."

ఆ ఫలకం మీద పదిహేడు పేర్లున్నాయి. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, అసిస్టెంట్ ఇంజనీరు పేరుంది. ఉద్యోగంలో చేరాక ఆయన పేరు రాయి మీదకి ఎక్కడం అదే మొదటిసారి. ప్రతి సోమవారం ఆయన జేబురుమాలుతో ఆ ఒక్క వరసా తుడుస్తాడని ఆఫీసులో అందరికీ తెలుసు.

"రేపు పొద్దున విప్పేద్దామండీ," అంది సువర్చల, కాస్త మెత్తగా.

విశ్వంభరం కళ్ళు మూసుకుని తన పేరు మీదుగా తాడు చుట్టాడు. రెండు చుట్లు చుట్టి, గట్టిగా లాగి ముడేశాడు. ముడి మాత్రం చక్కగా పడింది. ఎంతైనా ఇంజనీరు.

ఆరింటికి డాక్టర్ నూర్జహాన్ తడిసి ముద్దై వచ్చింది. సెట్టు ముందు కూర్చుని, "మేరీ, కంగారు పడకు. ముందు నీ చేయి ఎక్కడుందో చెప్పు," అని మొదలుపెట్టింది. గంటన్నర సేపు ఆవిడ చెబుతూనే ఉంది, మేరీ చేస్తూనే ఉంది. బయట గాలి ఆఫీసు బోర్డుని ఊడబెరికి ఎటో తీసుకుపోయింది. మూడు శిలాఫలకాలూ మూడు తాళ్ళనూ పట్టుకుని నిలబడ్డాయి. తమమీద పేర్లున్న పెద్దలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరన్న సంగతి వాటికి తెలియదు.

ఏడూ నలభైకి సెట్టులోంచి ఒక ఏడుపు వినపడింది. సన్నగా, కోపంగా.

"ఆడపిల్లక్కా!" అంది మేరీ. "ఇద్దరూ బాగున్నారు. బడి కప్పు మీద రేకులు పోయినాయి, పోతే పోనీ."

బుల్లబ్బాయి వరండా స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. "అమ్మగోరూ, తినడానికేమైనా ఉందా? ఉత్తర్వు ప్రకారం బరువు తగ్గకూడదు కదండీ," అన్నాడు. సువర్చల సంచీలోంచి పులిహోర డబ్బా తీసి ఇచ్చింది. ఆవిడ అన్నం కూడా సగం ఎక్కువే తెస్తుంది.

రెండు వారాల తరవాత ఆఫీసు నుంచి సువర్చలకు మళ్ళీ ఉత్తరం వచ్చింది, సమావేశానికి రమ్మని. వెళ్ళేసరికి కమిషనర్ నివేదిక చదువుతున్నాడు. 'పెను తుఫానునందు సైతము ప్రాంగణ పలకలలో ఏ ఒక్కదానికిని రంధ్రము పడలేదని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము.' పిల్ల పుట్టిన సంగతి అనుబంధంలో ఉంది. నిషేధిత సమయంలో ఆరుబయట ఉన్నందుకు సంజాయిషీ ఇమ్మని బుల్లబ్బాయికి మెమో ఇచ్చారు. విశ్వంభరానికి ఇవ్వలేదు. ఆయన పలకల పరిరక్షణ నిమిత్తం బయట ఉన్నాడు.

సమావేశం అయ్యాక బయటికొస్తే ముంగిట్లో ధనధనమని చప్పుడు. ఒక కూలీ గునపంతో పలకలు పెళ్ళగించి గొయ్యి తవ్వుతున్నాడు. ఎర్రవి ఒక పక్కా, బూడిదరంగువి ఒక పక్కా పేరుస్తున్నాడు. పక్కన గోనె చుట్టిన నిలువెత్తు నల్లరాయి గోడకి ఆనించి ఉంది. మెమో జేబులో పెట్టుకుని బుల్లబ్బాయి గోనె పక్కకి లాగి ఆ రాయి మీద అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు.

"ఏంటయ్యా బుల్లబ్బాయ్ ఇది?"

"నాలుగో ఫలకం అండి. పలకలకి చిల్లు పడకుండా కాపాడినందుకు గుర్తుగానంట. ఎల్లుండి ఆవిష్కరణ. పంతొమ్మిది పేర్లున్నాయండి."

"అందులో నీ పేరుందా?"

"లేదండి. ఏఈ గారిది ఈసారి కింద నుంచి రెండోదండి, ఆయ్!"

సువర్చల రాయి వంక చూడలేదు. గొయ్యి దగ్గరకు వెళ్ళి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, వంగి లోపలికి చూసింది.

"ఎంత లోతు తవ్వమన్నారు బాబూ?" అని కూలీనడిగింది.

"రెండడుగులండి. పేర్లు నిలబడ్డానికి చాలండి."

"పేర్లకి చాలు, తాడుకి చాలదు. నాలుగడుగులు తవ్వు. వచ్చే కార్తీకం తుఫానుకి నాకు నాలుగు తాళ్ళుంటాయి."

కూలీ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. తరవాత బుల్లబ్బాయి వైపు చూశాడు. బుల్లబ్బాయి అవునన్నట్టు నూటపన్నెండు కిలోలూ కదిలేలా తలూపాడు.

గునపం మళ్ళీ లేచింది.